చెల్లెలి ప్రశ్న

ధర్మవరం,
19-6-1977.

అక్కా,

భద్ర రాస్తున్నది. ఇక్కడ మా ఆయన, మా అత్తామామలు, మగ్గం, నేను, అందరం ఉన్నచోటనే ఉన్నాం. వాన మాత్రం ఇంకా దారి పట్టలేదు.

ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది నాగరత్న అని తెలుసు. పన్నెండేళ్ల పిల్ల ముందు ఇలాంటి సంగతి పెట్టడానికి సిగ్గుగా ఉంది. చిన్నప్పుడు నువ్వు కూలికి పోయి నన్ను బడికి పంపావు. అందుకే నాకు అక్షరం వచ్చింది, నీకు రాలేదు. ఇప్పుడు ఇంకెవరి చేత చదివించుకోమందును? మా బావ చేతనా? నాగరత్నా, తల్లీ, చదివి మర్చిపో.

ఏడాదిగా నాకు నెలనెలా సరిగా రావడం లేదు. మొదటిసారి తప్పినప్పుడు మా అత్త వీధంతా చెప్పుకొచ్చింది, పెళ్లయిన ఏడేళ్లకు దేవుడు కళ్లు తెరిచాడని. నలభయ్యో రోజున బయట చేరాను. రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. తర్వాత ఇంకో నాలుగుసార్లు అలాగే అయింది. ఇప్పుడు తప్పినా ఎవరూ లెక్కచేయరు.

మొన్న అనంతపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరకు ఇద్దరం వెళ్లాం. అన్నీ చూసి, “నీ వయసెంత?” అని అడిగింది. ఇరవై అయిదన్నాను. “మీ అమ్మకు ఎన్నో ఏట ముట్లుడిగినాయి? మీ అక్కచెల్లెండ్లు ఎట్లుండారు?” అన్నది. తెలియదన్నాను. అమ్మ పోయేటప్పటికి నాకు పదహారు. అడిగే వయసు నాది కాదు, చెప్పే మనిషి ఆమె కాదు. “కనుక్కొని చెప్పు. ఊరికే అడుగుతాండానని అనుకోవద్దు. అది తెలిస్తే నేను చేసే వైద్యం వేరేగా ఉంటాది,” అన్నది డాక్టరమ్మ.

అమ్మకు నా తర్వాత కాన్పు ఎందుకు కాలేదక్కా? నీకు ముప్పై అయిదు గదా, నీకేమైనా తేడా కనబడిందా? ఈ రెండు మాటలు రాయించు చాలు.

నీ చెల్లెలు
భద్రమ్మ

*

తాడిపత్రి,
3-7-1977.

చెల్లెలు భద్రమ్మకు మీ అక్క ఆంజినమ్మ చెప్తా ఉంటే నాగరత్న రాస్తున్నది.

నీ జాబు చేరినది. ఇక్కడ మీ బావ బండల పాలిషు పనికి పోతున్నాడు. పెద్దవాడు కూడా ఆ పనికే పోతున్నాడు. ఇంటినిండా బండల పొడి.

నువ్వు అడిగిన దానికి జవాబు. అమ్మకు అట్లాంటిదేమీ లేదు. చివరిదాకా బాగానే ఉన్నది. నువ్వు నడక నేర్చినాక నాయన పోయినాడు, ఇంక కాన్పులు ఎక్కడివి? నాకు కూడా నెలనెలా సరిగానే ఉన్నది. మన ఇంటి ఆడవాళ్లలో ఎవరికీ ఏ లోపమూ లేదని డాక్టరమ్మకు చెప్పు. నీకు వేడి చేసి ఉంటుంది. మజ్జిగ తాగు. పీర్ల పండగకు గూగూడు పోయి కుళ్ళాయప్పకు మొక్కుకో.

ఇంక ఏమీ లేదు.

ఆంజినమ్మ

చిన్నమ్మా, నేను నాగరత్నను. మర్చిపోయినాను. ఒట్టు. నాకు క్లాసులో రెండో ర్యాంకు.

*

ధర్మవరం,
10-12-1979.

అక్కా,

రెండేళ్లలో మూడు ఉత్తరాలకు ఒక జవాబు రాయించావు. బండల పొడి కళ్లల్లో పడిందనుకుంటాను.

నీ మాట అప్పుడే డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. “అట్లయితే భయం లేదు. వయసుంది. ఒక్కోరికి కొన్నేండ్లు ఇట్లనే తిక్కతిక్కగా వస్తాంటాయి,” అని బిళ్లలు రాసిచ్చింది. నెలకు అయిదు రోజులు మింగాలి. ఆరు నెలలు మింగడం, ఆరు నెలలు ఆపడం, మళ్లీ మింగడం. రెండేళ్లుగా ఇదే నా వ్యవసాయం. మింగిన నెల ఒంట్లో ఆవిర్లు వస్తాయి. ఒళ్లంతా చెమట పట్టి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నదాన్ని ఉన్నపళంగా లేచి గాలికి వస్తాను. బిళ్లల వేడి అనుకుంటున్నాను.

గూగూడు వెళ్లాం. కదిరి వెళ్లాం. ఒకామె చెప్పిందని కొత్తచెరువు దగ్గర ఒక పసరు మందు తాగి మూడు రోజులు వాంతులు చేసుకున్నాను. మా ఆయన శ్రీరంగప్ప అన్నిటికీ వెంట వస్తాడు. మాట్లాడడు, వస్తాడు. దారిలో నాకు సెనిక్కాయలు కొనిపెట్టి, పొట్టు తన జేబులో వేసుకుంటాడు.

మా అత్త మొన్న బావి దగ్గర ఎవరితోనో, “ఏమప్పా, ఎండిన చెట్టుకు ఎన్ని దినాలు నీళ్లు పోసేది?” అంటుంటే విన్నాను. నేను విన్నానని ఆమెకూ తెలుసు.

అయినా డాక్టరమ్మ ఓపిక పట్టమంటున్నది. ఇంట్లో ఎవరికీ లేని జబ్బు నాకెందుకు వస్తుంది?

భద్రమ్మ

*

తాడిపత్రి,
22-2-1980.

చెల్లెలు భద్రమ్మకు ఆంజినమ్మ చెప్పి రాయించునది.

మీ నాగరత్న పెద్దమనిషి అయినది. నువ్వు రాలేదని బాధపడినాను, కానీ ఎందుకు రాలేదో తెలుసుకున్నాను. పేరంటాలలో నిన్ను ముందు వరుసలో కూర్చోబెట్టరు గదా. నీకు పంపిన రవిక గుడ్డ అందినదా?

మా వీధిలో పెద్దవాళ్లకు రాత బడి పెట్టినారు. పాస్టరు యేసన్న భార్య చెప్తున్నది. నేను కూడా పోతున్నాను. అందరూ నవ్వుతున్నారు. నవ్వనీ.

ఆ బిళ్లలు ఇంక చాలు. బెంగళూరుకు పో. అక్కడ పెద్ద డాక్టర్లు ఉంటారు. ఆలస్యం చేయవద్దు. మీ ఆయనకు చెప్పి తొందరగా పో. ఆలస్యం చేయవద్దు.

ఆంజినమ్మ

చిన్నమ్మా, ఆలస్యం చేయవద్దు అని ఇంకోసారి కూడా రాయమన్నది. చోటు లేదని రాయలేదు. ఈ జాబు రాయించేటప్పుడు అమ్మకు ఏడుపు వచ్చింది. ఎందుకని అడిగితే పొయ్యి పొగ అన్నది. పొయ్యి ముట్టించలేదు. నాగరత్న.

*

ధర్మవరం,
28-8-1982.

అక్కా,

నువ్వు పొమ్మన్న రెండున్నరేళ్లకు బెంగళూరు పోయాం. మగ్గం ఆపి ఎప్పుడూ పోలేకపోయాం. ఒకసారి పట్టు దొరకలేదు, ఒకసారి మా మామ పక్షవాతంతో పడి చనిపోయాడు. ఇంతలో నాకు ముప్పై వచ్చింది. పోయిన సంవత్సరం మొత్తంలో రెండుసార్లే బయట చేరాను.

చిక్కపేటలో చీరల అంగడి గుమాస్తా సుంకప్ప మాకు తెలిసినవాడు. వాళ్ల ఇంట్లో ఒక గదిలో పన్నెండు రోజులున్నాం. ఆసుపత్రిలో రక్తం తీసి బొంబాయి పంపారు. మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, సన్నని గొట్టం దూర్చి లోపల చూశారు. మెలకువ వచ్చాక మా ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

అక్కడి డాక్టరు వయసు మళ్లిన ఆమె. తెలుగు వస్తుంది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆడబిడ్డ పుట్టేటప్పుడే గింజలన్నీ లోపల ఉంటాయట. తర్వాత కొత్తవి పుట్టవట. నెలనెలా తగ్గుతూ పోతాయట. అందరికీ యాభై దాకా వచ్చేవి కొందరికి ముప్పైకే అడుగంటుతాయట. “నీ అండాశయాలు బాదం పప్పంత కూడా లేవు. రెండూ ముడుచుకుపోయి ఉన్నాయి. నీకు వచ్చిన ఆవిర్లు బిళ్లల వల్ల కాదు,” అన్నది.

“మందు లేదా అమ్మా?” అన్నాను.

“ఉన్న గింజను పెంచే మందు ఉంది. లేని గింజను పుట్టించే మందు ఎవరి దగ్గరా లేదు.” కాసేపు నా కాగితాలు తిప్పింది. “అయిదేళ్ల కింద నా దగ్గరికి వచ్చి ఉంటే కొంత ఆశ ఉండేది. ఇలాంటిది చాలాసార్లు ఇంట్లోనే ఉంటుంది. మీ అమ్మకు, అక్కకు ఎవరికీ ఇలా జరగలేదా?”

లేదన్నాను. మా అక్కను అడిగానన్నాను. అయితే నీ కర్మ అని ఆమె అనలేదు. నేనే అనుకున్నాను.

సూదులు వేసి చూద్దాం, ఆశ పెట్టుకోకుండా రండి అన్నది. ఆశ పెట్టుకోకుండా అంత దూరం ఎవరైనా ఎలా వస్తారక్కా?

ఈ ఉత్తరం నాగరత్న చదివితే చదవనీ. పదిహేడేళ్లు వచ్చాయి, దానికీ తెలియాలి.

భద్రమ్మ

*

తాడిపత్రి,
14-11-1982.

భద్రీ,

ఈ అక్షరాలు నావే. వంకర పోయినా నావే. నీ జాబు ఎవురి చేతా చదివించలేదు, నేనే కూడబలుక్కొని చదివినా. అయిదేండ్ల కింద వచ్చి ఉంటే అనే మాట కాడికి వచ్చి ఆగిపోతి. మళ్లా మొదట్నుంచి చదివితి. మళ్లా ఆడనే ఆగిపోతి. రెండు నెల్ల నుంచి కాగితం ముందర పెట్టుకుంటాండా, ఎత్తి పెడతాండా.

నేను నీకు అబద్ధం చెప్పినా.

నాకు ముప్పై రెండో ఏటనే నిలిచిపోయింది. నువ్వు అడిగేటప్పటికి మూడేండ్లు అయ్యింది. అమ్మకు ముప్పైకే నిలిచిపోయింది. అప్పటికి నాయన బతికే ఉండాడు. నా పెండ్లప్పుడు అమ్మ నన్ను గాదె చాటుకు పిలిచి చెప్పింది. “మన ఇంటి ఆడోళ్లకు తొందరగా అయిపోతాది. మా యమ్మకూ అంతే. బిడ్డల్ని తొందరగా కను. ఎవురికీ చెప్పొద్దు, చెప్తే ఈ ఇంటి పిల్లను ఎవురూ చేసుకోరు,” అనె. నేను కంటి. పద్దెనిమిదికి ఒకడు, ఇరవైకి ఒకడు, ఇరవై మూడుకు నాగరత్న. నీకు చెప్పేకి నీ పెండ్లినాటికి అమ్మ లేదు. నేనుంటి. ఎట్ల చెప్పేదో తెలీక, నీకు రాదులే అనుకొని ఊరకుంటి.

ఆ పొద్దు నీ జాబు చదివి, నాగరత్న కలం పట్టుకొని, “అమ్మా, ఏం రాయల్ల?” అనె. మా అత్త గడపలో కూర్చోనుండె. పన్నెండేండ్ల బిడ్డ చేత, అది ఇంకా పెద్దమనిషి కూడా కాలేదు, దాని చేతనే ఆ మాట ఎట్ల రాయించేది? బడిలో ఎవురితోనన్నా అంటే? లేదని రాయి అంటి. అది రాసె. ఒక మాటే గదా అనుకుంటి. డాక్టరమ్మ ఆ మాట పట్టుకొని నీకు మందు మార్చి ఇస్తాదని నాకేం తెలుసు?

లేదు. తెలుసు. వేరే వైద్యం ఉంటాదని నీ జాబులో ఉన్నింది. నాగరత్న చదివింది, నేను విన్యా.

నాకు నిలిచిపోయినట్ల ఈ ఇంట్లో ఎవురికీ తెలీదు. మీ బావకు కూడా. నెలకు మూడు దినాలు వసారాలో వేరే చాప మీద పడుకుంటాండా, ఇప్పటికీ. నలభై ఏండ్లు నాకు.

నువ్వు తిట్టు. రాకపోతే రావద్దు. జాబు మాత్రం రాయి.

అక్క

*

ధర్మవరం,
2-12-1982.

ఉత్తరం అందింది.

భద్రమ్మ

*

తాడిపత్రి,
30-1-1984.

భద్రీ,

ఏడాది దాటె. ఆరు జాబులు రాస్తి. నీ కార్డు ఒకటి ఉండాది నా కాడ, రెండు మాటల కార్డు. అదే చదువుకుంటాండా.

కొత్తచెరువు నుంచి మీ బావ చెల్లెలు వచ్చింటే ఒక మాట చెప్పింది. శ్రీరంగప్ప మళ్లా పెండ్లి చేసుకున్నాడంట గదా. నిజమా? ఊర్లో వాళ్లు చెప్తే వినాల్సి వచ్చె నాకు. నువ్వు యాడ పడుకుంటాండావు? అన్నం పెడతాండారా? ఈడికి వచ్చేయి. నా ఇంట్లో ఉండు. నేను వచ్చి పిల్చుకొని వస్తా, నువ్వు ఊ అను చాలు.

అక్క

*

ధర్మవరం,
18-3-1984.

అక్కా,

నిజమే. నాలుగు నెలలయింది. నీకు రాయకూడదనే రాయలేదు. నువ్వు అయిదేళ్లు దాచావు, నేను నాలుగు నెలలు దాచాను.

మొదట్నుంచి చెప్తాను. పోయిన సంవత్సరం ఆరు నెలలు సూదులు వేయించుకున్నాను. ప్రతి నెలా పది పదిహేను రోజులు బెంగళూరులో, మిగతా రోజులు ఇక్కడ. ఆ మందు పరాయి దేశం నుంచి రావాలి. ఒక రోజు నర్సును, ఇది దేనితో చేస్తారమ్మా అని అడిగాను. ముట్లుడిగిన ఆడవాళ్ల మూత్రం నుంచి తీస్తారట. వాళ్ల ఒంట్లో ఆ సత్తువ ఊరికే పోతూ ఉంటుందట. నేను నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని ఆమె అడిగింది. మా అక్క గుర్తుకొచ్చిందన్నాను.

అయిదు నెలలు ఏమీ లేదు. ఆరో నెల ఎడమవైపు ఒక గింజ పెరుగుతున్నదన్నారు. ఒకటే. మా ఆయన ఆ రోజు సుంకప్ప ఇంటి ముందు ఎదురుపడిన ప్రతి మనిషికీ నమస్కారం పెట్టాడు. పద్దెనిమిది రోజులు నేను గట్టిగా దగ్గలేదు. పందొమ్మిదో రోజు తెల్లచీర మీద మరక కనబడింది. అంతే. దాని తర్వాత లోపల ఏమీ కదలలేదు. ఇంక మందు వేస్తే అది మిమ్మల్ని మోసం చేసినట్టు అని డాక్టరు చెప్పేసింది. మంచి మనిషి.

ఇంటికి వచ్చిన నెలకు మా ఆయన, నా ముఖం చూడకుండా, “మా యమ్మ ఒకటే మాట అడుగుతాండాది. నేనేం చెప్పల్ల? నువ్వే చెప్పు,” అన్నాడు. ఆయన్ను చూస్తే జాలేసింది. కొత్తచెరువు పోయి పిల్లను నేనే చూసి వచ్చాను. ఓబులమ్మ అని, పందొమ్మిదేళ్లు. పెళ్లి చీర మా మగ్గం మీదిదే. ఆయన నేస్తుంటే తెగిన పోగులు నేను ముడి వేశాను.

ఓబులమ్మ చెడ్డది కాదు. నన్ను అక్కా అంటుంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు, అది బాగుండదు. ఆమెకు ఇప్పుడు మూడో నెల. నేను వంటింట్లో పడుకుంటున్నాను, అన్నం నేనే వండుతున్నాను, పెట్టేవాళ్లు వేరే అక్కర్లేదు. నీ ఇంటికి రాను.

నిన్ను తిడుతూ చాలా ఉత్తరాలు రాసి చించాను. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. నాగరత్నకు చెప్పావా? దానికి పందొమ్మిది. అమ్మ నీకు చెప్పింది. నువ్వు నాకు చెప్పలేదు. దానికైనా చెప్పు.

భద్రమ్మ

*

తాడిపత్రి,
11-7-1984.

భద్రీ,

మే నెలలో నాగరత్న పెండ్లి చేసినాము. పిలుపు పంపినా, నువ్వు రాలేదు. పిల్లోడు జయరాముడు, సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. నెమ్మదస్తుడు. వాళ్లమ్మ మాత్రం నోరు గలది.

చెప్పలేదు. తిట్టొద్దు. సంబంధం కుదిరేటప్పుడు చెప్తే అది నిలబడదు. పెండ్లయినంక చెప్తామనుకుంటి. ఇప్పుడు దాని మొగం చూస్తే నోరు రాదు. కొత్త కాపురం, నవ్వుతా తిరుగుతాంది. దానికి నెలనెలా బాగానే వస్తాందంట, అడిగినా. మన మాదిరి కాదేమో. కొన్నాళ్లు పోనీ.

అక్క

*

ధర్మవరం,
6-10-1985.

అక్కా,

ఓబులమ్మ కొడుక్కు ఏడాది నిండింది. నా ఒళ్లోనే ఎక్కువ ఉంటాడు. నడుస్తున్నాడు. ఇది నీకు చెప్పాలని కాదు ఈ ఉత్తరం.

మొన్న ఓబులమ్మ అన్న పెళ్లిలో నాగరత్న కనబడింది. కొత్తచెరువులో మేనత్త ఇంటికి మొగుడితో వచ్చిందట. ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. “పిల్లల సంగతేమే?” అని మామూలుగా అడిగాను. “ఇప్పుడే యాల చిన్నమ్మా? ఫ్యాక్టరీ వాళ్లు ఇల్లు ఇచ్చేదాకా వద్దనుకుంటిమి. ఆసుపత్రిలో బిళ్లలు ఇస్తారు, మింగుతాండా,” అన్నది. పెళ్లయినప్పటి నుంచీనట. ఆ బిళ్లలు మింగితే లోపల ఏమున్నా లేకపోయినా నెలనెలా వస్తుంది. నాకు బెంగళూరు డాక్టరు చెప్పింది. బాగానే వస్తాందని నువ్వు రాసింది ఆ బిళ్లలను చూసి!

అరుగు మీదనే చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. అక్కా, అది నా నోటి నుంచి వింటే, మా అమ్మ నాకెందుకు చెప్పలేదని జీవితాంతం అనుకుంటుంది. ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. అందుకని మింగాను.

దీపావళి దాకా చూస్తాను. అప్పటికి నువ్వు చెప్పలేదని తెలిస్తే తాడిపత్రి బస్సెక్కి వచ్చి, మా బావ ముందు, మీ అత్త ముందు, నీ అల్లుడి ముందు చెప్తాను. నువ్వు వసారాలో పడుకునే మూడు రోజుల సంగతి కూడా చెప్తాను. నేను పోగొట్టుకోవడానికి ఇంకేమీ లేదు. అలాంటి మనిషితో పంతం పట్టవద్దు.

భద్రమ్మ

*

తాడిపత్రి,
20-11-1985.

భద్రీ,

చెప్పినా.

దీపావళికి వచ్చింటే, మిద్దె మీద మిరపకాయలు ఎండబోసేకి పిల్చుకొని పోయి చెప్పినా. అమ్మ సంగతి, నా సంగతి, నీ సంగతి. అది మిరపకాయలు పరచడం ఆపలేదు. అంతా పరిచె. అప్పుడు అడిగె. “ఆ పొద్దు చిన్నమ్మ అడిగింటే, లేదు అని నా చేత రాయించినావు గదా?”

ఔనంటి.

“నేను రాసింటి. నా చేత్తో.”

“నువ్వు చిన్నపిల్లవు నాగరత్నా. తప్పు నాది.”

“నా చేత రాయించినావు,” అని మళ్లా అదే మాట. తర్వాత నా పక్క చూళ్లేదు. మూడు దినాలు ఇంట్లో ఉన్నింది, నాతో మాట్లాడలేదు. మూడో నాడు జయరామునికి అంతా చెప్పేసింది. వద్దంటి, బతిమాలితి. “నీ మాదిరి దాచుకొని బతకలేను,” అనె. ఆ పిల్లోడు విని, “అయితే ఏం చేయల్ల?” అన్నాడంట. ఆ ఒక్క మాటకు నేను వానికి రుణపడి ఉండా. వాళ్లమ్మకు తెలీదు.

నీ కాడికి వస్తాదంట. బెంగళూరుకు నువ్వే పిల్చుకొని పోవల్లంట. నేను రాకూడదంట.

మీ బావకు కూడా చెప్పినా. “ఇన్నేండ్లు ఆ చలిలో వసారాలో పడుకున్యావా?” అనె. లోపలికి పోయి పడుకొనె.

భద్రీ, నన్ను క్షమించినానని ఒక్క మాట రాయి.

అక్క

*

బెంగళూరు,
9-8-1986.

అక్కా,

సుంకప్ప వాళ్ల గదిలో కూర్చుని రాస్తున్నాను. నాగరత్న పక్కన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నిద్ర కాదు.

నీకు ముక్కలు ముక్కలుగా రాసింది ఒకచోట చేర్చి చెప్తాను. బిళ్లలు ఆపించాక మూడు నెలలైనా దానికి రాలేదు. రక్తం పరీక్షలో నాకు వచ్చినట్టే వచ్చింది, కొంచెం నయం. డాక్టరు ఆమే. తల నెరిసిపోయింది. నన్ను గుర్తుపట్టి, నాగరత్నను చూసి, నేను చెప్పకముందే అర్థం చేసుకుంది. “మీ అమ్మకు ఎన్నో ఏట?” అని అడిగితే నాగరత్న తడుముకోకుండా, “ముప్పై రెండు. మా అవ్వకు ముప్పై. చిన్నమ్మకు ఇరవై నాలుగులోనే మొదలయింది. నాకు ఇరవై ఒకటి,” అన్నది. డాక్టరు అదంతా రాసుకుంది.

“నీ చిన్నమ్మ కంటే ముందే వచ్చావు. కానీ నీకు ఆమె కంటే ముందే మొదలయింది,” అన్నది. నూటికి అయిదుగురికో ఆరుగురికో కడుపు నిలుస్తుందన్నది. మూడు నెలలు సూదులు వేసి చూద్దామన్నది.

మొదటి నెల ఏమీ లేదు. రెండో నెల రెండు గింజలు కనబడ్డాయి. జయరాముడు సెలవు పెట్టి వచ్చాడు. పూలు తెచ్చాడు, ఎవరికివ్వాలో తెలియక నాకిచ్చాడు. ఆ నెల నిలబడలేదు. మూడో నెల నిన్నటితో అయిపోయింది. ఒక్కటి కూడా పెరగలేదు. డాక్టరు నాగరత్న చేయి పట్టుకుని, ఇంక ఇంటికి వెళ్లమ్మా అన్నది. మందు మానేశాక దానంతట అదే కడుపు నిలిచినవాళ్లు నా ఇన్నేళ్లలో ఇద్దరున్నారు అని కూడా అన్నది. ఆ ఇద్దరి మాట చెప్పకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడు ఈ పిల్ల ఆ ఇద్దరి కోసం ఎన్నేళ్లు ఎదురుచూస్తుందో.

అప్పుడు అయిదేళ్ల ముందే తెలిసి ఉంటే నాకు బిడ్డ నిలిచేదా అని డాక్టరును విడిగా అడిగాను. “ఏమో. నాగరత్నను చూశాక అప్పుడన్న మాట అంత గట్టిగా అనలేను,” అన్నది. నీకు ఇది రాయకుండా ఉందామనుకున్నాను. దాచడం నాకు చేతకావడం లేదు. నీ అబద్ధం వల్లే నాకు బిడ్డ లేకుండా పోయిందని నాలుగేళ్లు బతికాను. ఆ కోపం ఒక ఆసరాగా ఉండేది. అది కూడా ఖాయం కాదట.

క్షమించావా అని ప్రతి ఉత్తరంలో అడుగుతున్నావు. లేదక్కా. ప్రయత్నించాను, రాలేదు. ఒకనాటికి వస్తుందేమో, రాకపోవచ్చు. రాకపోయినా నువ్వు మా అక్కవే. నన్ను బడికి పంపి నువ్వు కూలికి పోయినదానివి. అవి రెండూ నాలో ఒకదాన్నొకటి చెరపడం లేదు.

నువ్వు రాకూడదని నాగరత్న అన్నది నిజమే. కానీ నిన్న మధ్యాహ్నం ఆసుపత్రి మెట్ల మీద కూలబడి, “అమ్మా” అని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. వీపు నిమురుతున్నాను. నన్ను కాదు పిలిచింది. పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు. జయరాముడు వరండాలో నిలబడి గోడలు చూస్తున్నాడు. వాళ్లమ్మకు ఏం చెప్పాలో ఆ పిల్లవాడికి తెలియదు. నాకూ తెలియదు.

బయలుదేరు. తాడిపత్రిలో పొద్దున బస్సెక్కి అనంతపురంలో మారు. నువ్వు వచ్చేదాకా మేమిక్కడే ఉంటాం, మంగళవారం నుంచి రోజూ బెంగళూరు బస్టాండులో నేను ఉంటాను. ఎన్నింటికి వచ్చినా ఉంటాను. నన్ను చూసి కాళ్లమీద పడొద్దు, ఏడవొద్దు, నాతో ఏమీ మాట్లాడొద్దు. నేరుగా దాని దగ్గరికి పో.

భద్రమ్మ